పదిహేను వేల మంద్రం

చవక బేస్ గిటార్‌లోంచి మనసుకు నచ్చిన నాదం రాబట్టాలంటే డబ్బు ఎక్కడ పెట్టాలి, ఎక్కడ పెట్టకూడదు?

1961లో హాంబర్గ్‌లోని ఓ సంగీత దుకాణంలో పాల్ మెకార్ట్‌నీ ఒక బేస్ గిటార్ కొన్నాడు. ధర సుమారు 30 పౌండ్లు. ఫెండర్ బేస్ కావాలంటే వంద పౌండ్ల దాకా పెట్టాలి. రాత్రంతా క్లబ్బుల్లో వాయించి పొట్ట పోసుకునే కుర్రాడికి అది అందని మాట. హాఫ్‌నర్ కంపెనీ చేసిన ఆ వయొలిన్ ఆకారపు బేస్‌ను ఎంచుకోవడానికి ఆయన చెప్పిన రెండో కారణం ఇంకా సాదాసీదాది. తనది ఎడమ చేతి వాటం. రెండు వైపులా ఒకేలా ఉన్న వాద్యమైతే తిప్పి పట్టుకున్నా ఎబ్బెట్టుగా కనిపించదు.

ఈ రెండు కారణాల్లోనూ నాదం ఊసే లేదు. ఒకటి ధర, ఇంకొకటి చూపు. అయినా ఆ బేస్ డొల్ల ఒళ్లు, పొట్టి తీగలు కలిసి తమదైన ధ్వనిని ఇచ్చాయి. ఫెండర్‌లో మోగే తీగ పొడవు 34 అంగుళాలైతే ఇందులో 30. స్వరం మెత్తగా, గుండ్రంగా పుట్టి త్వరగా అణగిపోతుంది. బీటిల్స్ తొలి రికార్డుల్లో పాట కింద వినిపించే మంద్రం అదే. 1972లో లండన్‌లో ఒక వ్యాన్‌లోంచి దొంగలు దాన్ని ఎత్తుకుపోయారు. యాభై ఏళ్లు దాటాక ఓ ఇంటి అటక మీద దొరికింది. యజమాని చేతికి చేరిందన్న వార్త 2024 ఫిబ్రవరిలో ప్రపంచమంతా చదివింది. ఆ 30 పౌండ్ల ధ్వని కోసం ఇవాళ జనం దానికి ఎన్నో రెట్లు పోస్తున్నారు.

ఇక మన సంగతికి వద్దాం. సికింద్రాబాద్‌లో ఏ మ్యూజిక్ షాపులో కాసేపు నిలబడినా ఇలాంటి మాటలు చెవిన పడతాయి.

"అన్నా, ఇది తీసుకుంటే ఆ పాటలల్ల వచ్చే సౌండ్ వస్తదా?"

"వస్తది తమ్మీ. ఇంకో పది వేలు పెట్టి గా పై మోడల్ తీస్కుంటే ఇంకా మంచిగొస్తది."

కుర్రాడి ప్రశ్న న్యాయమైనదే, తిరకాసంతా జవాబులో ఉంది. ఆ పై పది వేలలో పెద్ద భాగం మెరుగైన రంగుకు, నునుపుకు, తల మీది పేరుకు పోతుంది. కాస్త మంచి బిరడాలు కూడా వస్తాయి, కాదనను. కానీ అతను అడిగిన 'సౌండ్' అక్కడ లేదు. అందులో సగం సొమ్ము సరైన చోట పెడితే చేతిలో ఉన్న చవక బేసే అతను కోరిన ధ్వనికి ఎంతో దగ్గరికి వెళ్తుంది.

మన దగ్గర బేస్ వాయించేవాళ్లు సినిమా స్టూడియోల్లోనే ఉంటారనుకోవద్దు. కోస్తా జిల్లాల చర్చిల్లో ఆదివారం ఆరాధనలో, పెళ్లిళ్ల ఆర్కెస్ట్రాలో, ఇంజినీరింగ్ కాలేజీ బ్యాండ్లో ఓ మూల నిలబడి వాయించే కుర్రాళ్లే ఎక్కువ. వారి చేతుల్లో ఉండేవి చాలావరకు పదిహేను, ఇరవై వేల లోపు వాద్యాలు. ఈ కథనం వాళ్ల కోసం.

ముందు చెవికి పని

ఎలాంటి నాదం కావాలని అడిగితే నూటికి తొంభై మంది 'బాగా బేస్ రావాలి' అంటారు. దాన్ని పట్టుకుని ఎవరూ ఏమీ చేయలేరు. బేస్ గిటార్‌లో అన్నిటికంటే లావు తీగ సెకనుకు 41 సార్లు కంపిస్తుంది. తర్వాతి మూడూ వరసగా 55, 73, 98 సార్లు. మీ జేబులోని ఫోన్ స్పీకర్ ఇంత కింది ధ్వనులను దాదాపు పలకనే పలకదు. అయినా ఫోన్‌లో పాట వింటుంటే బేస్ ఏం వాయిస్తోందో తెలుస్తూనే ఉంటుంది. ఎందుకంటే ఆ తీగ 41తో పాటు 82, 123, 164... ఇలా దాని గుణిజాల్లోనూ మోగుతుంది. పైవి చెవిన పడితే అసలు అడుగు స్వరాన్ని మెదడే పూరించుకుంటుంది. కాబట్టి మనం 'టోన్' అని పిలిచేది చాలావరకు ఈ పై ధ్వనుల పాళ్లే. అడుగు స్వరం అందరి బేస్‌లోనూ ఒకటే.

మంచి హెడ్‌ఫోన్ పెట్టుకుని, నచ్చిన పాటలు రెండు మూడు ఎంచుకుని బేస్ ఒక్కదాన్నే వెంబడించండి. స్వరం పుట్టేటప్పుడు టక్కున మొదలవుతోందా, మెత్తగా వస్తోందా? తర్వాతి స్వరం దాకా సాగుతోందా, మధ్యలోనే ఆగిపోతోందా? ముక్కుతో పలికినట్టుందా, ఛాతీలోంచి వచ్చినట్టుందా? ఈ మూడింటికి జవాబు దొరికితే ఏ తీగలు కొనాలో, ఎక్కడ మీటాలో సగం తేలిపోతుంది.

ఈ సాధనకు ఇళయరాజా పాటల కంటే మంచి పాఠ్యపుస్తకం మన వాళ్లకు లేదని నా అభిప్రాయం. 'సాగర సంగమం' మొదలుకొని 'గీతాంజలి' దాకా ఏ పాట తీసుకున్నా, బేస్ తాళం వేసి ఊరుకోదు. గాయకుడి పక్కనే తనదైన వరసలో పాడుకుంటూ పోతుంది. రెహమాన్ దగ్గర దీర్ఘకాలం వాయించిన చెన్నై కళాకారుడు కీత్ పీటర్స్ బేస్ విన్నా ఇదే సంగతి తెలుస్తుంది. అయితే ఒక హెచ్చరిక. తొంభైల తర్వాతి సినిమా పాటల్లో చాలావాటికి ఆ కింది ధ్వని కీబోర్డు నుంచి వచ్చింది. తీగ లేని చోట పుట్టిన ధ్వనిని తీగల వాద్యంలో వెతుకుతూ, రావడం లేదని గిటార్‌ను తిట్టుకునేవాళ్లు ఉన్నారు. మీకు నచ్చింది ఏదో ముందు తేల్చుకోండి.

రికార్డులో విన్నది స్టూడియో వండిన ధ్వని అన్నదీ గుర్తుండాలి. 1966లో బీటిల్స్ 'పేపర్‌బ్యాక్ రైటర్' పాటకు బేస్ గట్టిగా రావాలని ఆబీ రోడ్ స్టూడియో ఇంజినీర్లు ఒక లౌడ్‌స్పీకర్‌నే మైక్రోఫోన్‌గా వాడారు. అప్పుడు మెకార్ట్‌నీ వాయించింది హాఫ్‌నర్ కూడా కాదు, రికెన్‌బ్యాకర్.

ఎక్కడ మీటుతున్నారు?

పైసా ఖర్చు లేకుండా నాదాన్ని మార్చేది కుడి చేయి. అందుకే షాపుల్లో దీని గురించి ఎవరూ చెప్పరు, అమ్మడానికి ఏమీ లేదు కదా.

తీగను మెడ వైపు, అంటే చివరి ఫ్రెట్ల మీద మీటండి. ధ్వని లావుగా, గుండ్రంగా వస్తుంది. అదే తీగను అదే బలంతో బ్రిడ్జి దగ్గర మీటండి. సన్నగా, బిగువుగా, కాస్త ముక్కుతో పలికినట్టు వస్తుంది. కారణం చిన్నదే. మీటిన చోట కదలిక ఉండాలి కాబట్టి, సరిగ్గా ఆ చోట నిశ్చలంగా ఉండే కంపనాలు పుట్టలేవు. తీగను నట్టనడుమ మీటితే రెండో గుణిజం, నాలుగో గుణిజం, ఇలా సరి వరసంతా పోతుంది. బ్రిడ్జికి దగ్గరయ్యే కొద్దీ పై ధ్వనుల పాలు పెరుగుతుంది. ఈ రెండు కొసల మధ్య జానెడు దూరంలో కనీసం నాలుగు వేర్వేరు బేస్‌లు దాగి ఉన్నాయి. ఒకే స్వరాన్ని మెడ నుంచి బ్రిడ్జి దాకా అంగుళం అంగుళం జరుగుతూ మీటి, ఫోన్‌లో రికార్డు చేసి, హెడ్‌ఫోన్‌లో వినండి. అదే బేస్, అదే తీగ అంటే నమ్మబుద్ధి కాదు.

బేసిస్ట్ జాకో పాస్టోరియస్ ధ్వనిలో పెద్ద రహస్యం ఇదే. వెనక పికప్ వాల్యూమ్‌ను ఎక్కువగా ఉంచి, చేతిని బ్రిడ్జి వైపు జరిపి వాయించేవాడు. ఆయన వాద్యం ఫెండర్ జాజ్ బేసే కానీ అప్పటికది పాతది. ఫ్రెట్లను వెన్న రాసే చాకుతో తానే పీకేశానని, గాడులు పూడ్చి పైన పడవలకు పూసే ఎపాక్సీ పూశానని చెప్పుకొనేవాడు. గరుకు తీగలు కట్టెను అరగదీయకుండా ఆ పూత. 1976లో వచ్చిన ఆయన తొలి ఆల్బమ్ విన్నవాళ్లు అప్పటిదాకా అలాంటి బేస్ వినలేదు. ఇంట్లో చేసుకున్న మరమ్మతు అది.

వేళ్లా, పిక్కా, బొటనవేలా అన్నది తర్వాతి ప్రశ్న. పిక్‌తో మీటితే స్వరం మొదలు పదునుగా ఉంటుంది. బొటనవేలి కండతో మీటి, అరచేయి అంచును బ్రిడ్జి దగ్గర తీగలకు ఆనిస్తే పాతకాలపు డబుల్ బేస్‌లా ధుమ్మని వచ్చి ఆగుతుంది. బొటనవేలితో కొట్టి, చూపుడు వేలితో లాగి వదిలే స్లాప్ పద్ధతికి ఆద్యుడు లారీ గ్రాహమ్. అమ్మ పక్కన వాయిస్తున్న రోజుల్లో డ్రమ్మర్ లేకపోతే ఆ లోటు పూడ్చడానికి అలా మొదలుపెట్టాడు.

ఎడమ చేతి విషయం ఒక్కటే. వేలు ఫ్రెట్‌కు సరిగ్గా వెనక, దాన్ని ఆనుకునేలా పడాలి. రెండు ఫ్రెట్ల మధ్యలో నొక్కితే ఎక్కువ బలం కావాలి, తీగ జీరగా కొట్టుకుంటుంది. ఆ జీరను చవక గిటార్ జీర అనుకుని రేటు పెంచుకుంటూ పోతారు చాలామంది.

తీగ కోసం గిటార్ కొన్నవాడు

ది హూ బ్యాండ్ బేసిస్ట్ జాన్ ఎంట్విసల్ చెప్పిన కథ ఒకటుంది. 1965లో 'మై జనరేషన్' పాటలోని బేస్ సోలో కోసం ఆయనకు గలగలమనే ధ్వని కావాలి. అది డాన్ఎలెక్ట్రో అనే బేస్ మీద వస్తోంది. ఒంటి ముందూ వెనకా కంప్రెస్డ్ హార్డ్‌బోర్డుతో చేసిన చవక వాద్యం అది. దాని మహిమ కట్టెలో లేదు, పైనున్న సన్న తీగల్లో ఉంది. తీగ తెగింది. ఇంగ్లండ్‌లో ఆ తీగలు విడిగా దొరకవు. తీగల కోసం మరో గిటార్, తర్వాత ఇంకొకటి కొన్నాడు. చివరికి విసిగి జాజ్ బేస్ మీద వేరే తీగలతో రికార్డు చేశాడు. మరుసటి ఏడాది రోటోసౌండ్ కంపెనీతో కూర్చుని తనకు కావలసిన తీగలు చేయించుకున్నాడు. స్వింగ్ బేస్ 66 పేరుతో అవి నేటికీ అమ్ముడవుతున్నాయి. జాకో వాడినవీ అవే.

దీనికి పూర్తిగా ఎదురు కొసన డెట్రాయిట్‌లో జేమ్స్ జేమర్‌సన్ ఉన్నాడు. మోటౌన్ రికార్డుల మీద ఆయన పేరు ఏళ్ల తరబడి అచ్చు కాలేదు కానీ, అరవైల్లో ఆ కంపెనీ పాటలకు అడుగు వేసినది ఆయనే. వాద్యం 1962 నాటి ఫెండర్ ప్రెసిషన్. ఒక పికప్, ఒక వాల్యూమ్ నాబ్, ఒక టోన్ నాబ్, అంతే. రెండు నాబ్‌లూ పూర్తిగా తెరిచి ఉంచేవాడు. మరి అంత మెత్తని ధ్వని ఎక్కడిది? లావుపాటి ఫ్లాట్‌వౌండ్ తీగల నుంచి. తెగితే తప్ప మార్చేవాడు కాదు. బ్రిడ్జి మీది లోహపు మూత కింద ఫోమ్ ముక్క ఉండేది. మీటడానికి కుడి చేతి చూపుడు వేలు ఒక్కటే. అందుకే ఆ వేలికి కొక్కెం అని పేరొచ్చింది. స్టూడియోలో యాంప్ కూడా లేదు, వైరు నేరుగా రికార్డింగ్ కన్సోల్‌లోకి వెళ్లేది.

ఈ జాబితాలో ఖరీదైనది ఒక్క గిటారే. మిగతావన్నీ ఇవాళ విజయవాడలో కుర్రాడికి అందుబాటులో ఉన్నవే. అంట్లు తోమే స్పాంజిని సన్నగా కోసి, బ్రిడ్జి పక్కన తీగల కింద కుక్కి చూడండి. స్వరం పొడవు తగ్గుతుంది, మొదలు గట్టిపడుతుంది. బిగువు ఎక్కువైతే స్పాంజి పల్చగా కోయండి. తంబురా మీద వేళ్లాడినవారికి ఇందులో వింత ఉండదు. బ్రిడ్జి మీద తీగ కింద జీవాళీ దారాన్ని వెంట్రుకవాసి జరిపితే తంబురా నాదమంతా మారిపోతుంది కదా.

షాపులో కొత్త బేస్‌తో వచ్చే తీగలు సాధారణంగా కంపెనీ ఎక్కించిన అతి చవక రకం. పైగా నెలల తరబడి గోడకు వేలాడి ఉంటాయి. చవక బేస్ మీద ఖర్చు చేసే మొదటి రూపాయి తీగల మీదే పడాలి. రౌండ్‌వౌండ్ తీగల చుట్టు గుండ్రంగా ఉంటుంది. గరుకు, మెరుపు, గణగణ. స్లాప్‌కు, రాక్‌కు అవే. స్టెయిన్‌లెస్ స్టీలు మరీ మెరుస్తుంది, నికెల్ పూత కొంచెం సౌమ్యం. ఫ్లాట్‌వౌండ్ చుట్టు చదునుగా ఉంటుంది. వేలు జారుతుంది, గీకుడు చప్పుడు ఉండదు, ఏళ్ల తరబడి పనికొస్తాయి. మంచి రౌండ్‌వౌండ్ సెట్ రెండు వేల ప్రాంతంలో, ఫ్లాట్‌వౌండ్ మూడు నాలుగు వేలలో దొరుకుతుంది. చర్చిలో, మెలొడీ పాటలకు వాయించేవారైతే ఫ్లాట్‌వౌండ్‌కే నా ఓటు. చవక బేస్‌లో పై ధ్వనులు కాస్త కటువుగా ఉంటాయి. చదును తీగలు ఆ కటువును ఉన్నచోటనే మింగేస్తాయి.

విశాఖ, కాకినాడ, మచిలీపట్నం లాంటి సముద్రపు గాలి ఊళ్లలో రౌండ్‌వౌండ్ తీగలు తొందరగా చచ్చిపోతాయి. చుట్ల సందుల్లో చెమట, ఉప్పు పేరుకుంటాయి. వాయించాక పొడి నూలు గుడ్డతో తీగ కిందా పైనా తుడవడం అలవాటు చేసుకోండి. చచ్చిన తీగలను విప్పి, నీళ్లలో కాసేపు మరిగించి, బాగా ఆరబెట్టి ఎక్కిస్తే కొద్ది రోజులు మళ్లీ పలుకుతాయి. డబ్బు లేని బేసిస్టులందరికీ తెలిసిన చిట్కా ఇది. ఒకటి రెండుసార్లకు మించి చేస్తే తీగ బలహీనపడుతుంది.

మేళం కట్టించినట్టు

వీణ ఉన్న ఇళ్లలో ఈ సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. మైనం మీద నిలిపిన 24 మెట్లు కాలంతో కదులుతాయి, స్వరం తప్పుతుంది. పనివాడి చేత మళ్లీ మేళం కట్టిస్తారు. బేస్ గిటార్‌లో ఫ్రెట్లు కదలవు, మెడ కదులుతుంది. నాలుగు లావు తీగల లాగుడుకు, గాలిలో తేమకు మెడ ముందుకో వెనక్కో వంగుతుంది. దాన్ని సరిచేసే ఇనుప కడ్డీ, ట్రస్ రాడ్, మెడ లోపలే ఉంటుంది. ఎత్తులు, పొడవులు సరిచూసి చేసే ఈ పనంతటినీ సెటప్ అంటారు. వెయ్యి రెండు వేలలో అయ్యే ఈ పని చేయించిన పదిహేను వేల బేస్, చేయించని యాభై వేల బేస్ కంటే బాగా మోగుతుంది. ఈ మాట ఏ రిపేరు పనివాడిని అడిగినా చెబుతాడు.

మీరే చూసుకోవాలంటే కొలతలివి. లావు తీగను మొదటి ఫ్రెట్ దగ్గర ఒక చేత్తో, మెడ ఒంటిని కలిసేచోట మరో చేత్తో నొక్కండి. ఏడో ఎనిమిదో ఫ్రెట్ దగ్గర తీగకు, ఫ్రెట్‌కు మధ్య విజిటింగ్ కార్డు దూరేంత సందు, అంటే సుమారు 0.3 మిల్లీమీటర్లు ఉండాలి. ఎక్కువ ఉంటే రాడ్‌ను బిగించాలి, అసలు లేకుంటే వదులు చేయాలి. ఒకసారికి పావు చుట్టుకు మించవద్దు. తిప్పి, మళ్లీ శ్రుతి చేసి చూడాలి. రాడ్ మొరాయిస్తే బలం ప్రయోగించకుండా పనివాడి దగ్గరికి పట్టుకెళ్లండి. అది విరిగితే మెడ పోయినట్టే.

తర్వాత 12వ ఫ్రెట్ దగ్గర తీగ ఎత్తు. సన్న తీగకు 2 మిల్లీమీటర్లు, లావు తీగకు రెండున్నర దగ్గర మొదలుపెట్టండి. గట్టిగా మీటే చెయ్యి అయితే ఇంకాస్త పెంచాలి. తీగ ఎంత కిందికుంటే అంత గొప్ప అన్నది లీడ్ గిటారిస్టుల దగ్గర నేర్చుకున్న పాడలవాటు. బేస్ తీగ ఊగడానికి చోటు కావాలి. జేమర్‌సన్ తీగలు ఇతరులు వాయించలేనంత ఎత్తులో ఉండేవట.

ఆఖరుది స్వరశుద్ధి. 12వ ఫ్రెట్ మీద తీగను తాకీ తాకకుండా మీటితే వచ్చే స్వరమూ, అక్కడే నొక్కి మీటితే వచ్చే స్వరమూ ట్యూనర్‌లో ఒకటే చూపాలి. నొక్కిన స్వరం ఎక్కువ చూపితే బ్రిడ్జి మీది శాడిల్‌ను వెనక్కి, తక్కువ చూపితే ముందుకు జరపాలి. ఒక స్క్రూడ్రైవర్, ఫోన్‌లో ఉచిత ట్యూనర్ యాప్ చాలు. చర్చి కీబోర్డుతో కలిపి వాయిస్తుంటే పై స్వరాలు ఎందుకో పులిసినట్టు ఉన్నాయని బాధపడేవాళ్లకు చాలాసార్లు జబ్బు ఇక్కడే ఉంటుంది.

హైదరాబాద్ ఏప్రిల్, మే పొడికి మెడ కట్టె ఎండి కుంచించుకుపోతుంది. ఫ్రెట్ల కొసలు బయటికొచ్చి అరచేతిని గీరుతాయి. కోస్తాలో వానాకాలం కట్టె ఉబ్బుతుంది. ఏడాదికి రెండుసార్లు సెటప్ చూపిస్తే చాలు. గిటార్‌ను ఏసీ గాలికి ఎదురుగానో, ఎండలో కారు డిక్కీలోనో పెట్టకండి.

పికప్ కింద రెండు స్క్రూలు

పికప్ అంటే అయస్కాంతం, దాని చుట్టూ సన్న రాగి తీగ. పైన ఉక్కు తీగ ఊగితే కరెంటు పుడుతుంది. చవక బేస్ పికప్ మార్చాలని తొందరపడే ముందు దాని ఎత్తు మార్చి చూడండి. పక్కన స్క్రూలు ఉన్నది అందుకే. తీగకు దగ్గరైతే ధ్వని గట్టిగా, కటువుగా. దూరమైతే మెత్తగా, గాలి ఆడినట్టుగా. చివరి ఫ్రెట్ నొక్కి పట్టి తీగకూ పికప్‌కూ మధ్య రెండున్నర నుంచి మూడు మిల్లీమీటర్లు పెట్టి మొదలుపెట్టండి. మరీ దగ్గరైతే అయస్కాంతమే తీగను లాగి స్వరాన్ని వణికిస్తుంది.

ఇక గుయ్‌మనే చప్పుడు. మన ఫంక్షన్ హాళ్లలో సగం చోట్ల ఎర్తింగ్ ఉండాల్సినట్టు ఉండదు. జనరేటర్, ట్యూబ్‌లైట్లు, సీరియల్ సెట్లు అన్నీ కలిసి సింగిల్ కాయిల్ పికప్‌లో దూరతాయి. జాజ్ రకం బేస్‌లో రెండు పికప్‌లను సమానంగా తెరిస్తే సాధారణంగా ఆ రెండు చప్పుళ్లూ ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఒకటి తగ్గించగానే గోల మొదలవుతుంది. ప్రెసిషన్ రకానికి ఈ బాధ తక్కువ. 1957 నుంచి దాని పికప్‌ను రెండు ముక్కలు చేసి ఎదురెదురుగా చుట్టారు. నన్నడిగితే, తక్కువ ధరలో కొనేవాళ్లకు ప్రెసిషన్ రకమే మేలు. చెడిపోవడానికి అందులో ఏమీ లేదు.

బ్యాటరీతో నడిచే యాక్టివ్ ప్రీయాంప్ ఉందని మోజుపడకండి. ఆ ధరలో పెట్టే ప్రీయాంప్ బుస కొడుతుంది. వాయించడం ఆపాక వైరు లాగకుండా వదిలేస్తే బ్యాటరీ ఖాళీ అవుతుంది, ఎందుకంటే వైరు గుచ్చిన జాకే దానికి స్విచ్చు.

గదిలో వినిపించింది వేదిక మీద ఏమైంది?

ఇంట్లో అద్భుతంగా ఉన్న ధ్వని స్టేజి ఎక్కగానే బురదగా మారడం ప్రతి బేసిస్టుకూ అనుభవమే. దీనికి కారణం 1933లోనే తెలిసింది. బెల్ ల్యాబ్స్‌లో ఫ్లెచర్, మన్సన్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు మనిషి చెవిని కొలిచారు. ధ్వని తక్కువగా ఉన్నప్పుడు చెవికి కింది స్థాయిలు సరిగా అందవు, పెద్దదయ్యే కొద్దీ బాగా అందుతాయి. ఇంట్లో చిన్న వాల్యూమ్‌లో ఆ లోటు పూడ్చడానికి బేస్ నాబ్ పెంచుతాం. అదే అమరికతో హాల్లో పెద్ద స్పీకర్లకు తగిలిస్తే డ్రమ్ కిక్‌తో కలిసి అంతా ఒకటే మోత. పాట ఏ శ్రుతిలో ఉందో కూడా తెలియదు.

వేదిక మీద నాబ్‌లన్నీ మధ్యలో పెట్టి మొదలుపెట్టండి. వినిపించకపోతే బేస్ నాబ్ జోలికి పోకుండా మిడ్ కొంచెం పెంచండి. ఒంటరిగా వింటే కాస్త ముక్కుతో పలికినట్టుండే ధ్వనే కీబోర్డు, డ్రమ్స్, ఇద్దరు గాయకుల మధ్యన తేటగా వినిపిస్తుంది. ఇంట్లో రికార్డు చేసుకునేవారైతే 40 హెర్ట్జ్ కింద ఉన్నదాన్ని కోసేయండి. అక్కడ స్వరం లేదు, స్పీకర్‌ను అలసిపోయేలా చేసే కుదుపు మాత్రమే ఉంది. ఆ పైన తేలికపాటి కంప్రెషన్ చాలు. చిన్న ఆడియో ఇంటర్‌ఫేస్, కంప్యూటర్‌లో ఉచితంగా దొరికే యాంప్ సాఫ్ట్‌వేర్ ఉంటే యాంప్ కొనడం వాయిదా వేయొచ్చు. జేమర్‌సన్‌కు యాంప్ లేకుండానే పని జరిగింది కదా. లీడ్ గిటార్ యాంప్‌లో బేస్ గుచ్చి వాల్యూమ్ పెంచితే మాత్రం స్పీకర్ చిరిగిపోవచ్చు. చిన్న ధ్వనిలో సాధన వరకైతే ఫర్వాలేదు.

చవకదనం నిజంగా కాటు వేసేచోట

ఇంత చెప్పాక, చవక బేస్‌లన్నీ ఒకటే అనుకోవద్దు. తీగలు మార్చొచ్చు, స్పాంజి పెట్టొచ్చు, పికప్ కూడా ఎప్పుడో మార్చుకోవచ్చు. మెలితిరిగిన మెడను సరిచేయలేం. ఎగుడుదిగుడు ఫ్రెట్లను సానబట్టించే ఖర్చు ఒక్కోసారి వాద్యం ధరలో సగానికి చేరుతుంది. నిలబడని బిరడాలుంటే పాట మధ్యలో శ్రుతి జారుతుంది. ధర తేడా నిజంగా కనిపించేది ఇక్కడే. కట్టె మహాగనీయా, ఆల్డరా అన్న చర్చ ఈ ధరలో కాలక్షేపం. ఆ సమయంలో ఫ్రెట్లు చూసుకోవడం మేలు.

కొనబోయేటప్పుడు బేస్ మీద నిజంగా వాయించగల స్నేహితుణ్ని తోడు తీసుకెళ్లండి. యాంప్‌కు తగిలించకముందే ప్రతి తీగ మీద ప్రతి ఫ్రెట్ నొక్కి, మీటి వినండి. ఒక స్వరం మిగతావాటికంటే తొందరగా చచ్చిపోతుంటే గుర్తుపెట్టుకోండి. సన్న తీగ మీద అయిదు, ఏడు ఫ్రెట్ల మధ్య అలాంటి చోటు ఖరీదైన వాటిలోనూ ఉంటుంది కానీ, రెండు మూడు చోట్ల ఉంటే వదిలేయండి. మెడను కంటికి ఎదురుగా పట్టి, తల వైపు నుంచి చూడండి. రెండు అంచులూ ఒకే తీరున సాగాలి. తీగను పట్టి గట్టిగా రెండుసార్లు లాగి ట్యూనర్ చూడండి. కొత్త తీగ కొంచెం జారుతుంది, పాతది జారకూడదు. నాబ్‌లు తిప్పితే కరకరమంటున్నాయా, జాక్ వదులుగా ఉందా చూడండి. ఆ మోడల్ పీసులు మూడుంటే మూడూ వాయించండి. ఈ ధరలో ఒకే మోడల్‌లో పీసుకూ పీసుకూ ఉండే తేడా, ఒక్కోసారి కంపెనీకీ కంపెనీకీ ఉండే తేడా కంటే ఎక్కువ. ఆన్‌లైన్‌లో రెండు వేలు తక్కువకు వస్తోందని ఈ అవకాశం వదులుకోవద్దు.

బిల్లు వేయించేముందు సెటప్ చేసి ఇమ్మని అడగండి. చాలా షాపులు అదే ధరలోనో, కొంచెం ఎక్కువకో చేసిపెడతాయి. అడగనివాళ్లకు మాత్రం డబ్బాలోంచి తీసినది తీసినట్టే చేతికిస్తాయి.